పికప్ ఉన్న కారుకి క్లచ్ ఎక్కువ కాలం రావాలంటే

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకి నా కారులోనే బయల్దేరాం. పాతదే, 1.8 లీటర్ టర్బో, ఆరు గేర్ల మాన్యువల్. లోపల ఐదుగురం, డిక్కీలో మా బామ్మర్ది మొక్కుకున్న ఎత్తు బంగారం, అంటే 82 కిలోల బెల్లం. ములుగు దాకా హాయిగా వచ్చాం. పస్రా దాటాక బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి. కారు పొడవంత జరగడం, ఆగడం, మళ్లీ జరగడం. నాలుగు గంటలు అదే పని. మూడో గంటలో కాలిన వాసన మొదలైంది. చెట్ల కింద ఎవరో మేక తలకాయ కాలుస్తున్నారనుకున్నాం, జాతరలో అది మామూలే కదా. అద్దాలు ఎక్కించాక వాసన ఇంకా పెరిగింది. అప్పుడు తెలిసింది, కాలుతున్నది మా క్లచ్ అని.

ఆరేళ్లు హైవే మీద గట్టిగా తొక్కినా ఏమీ కాని క్లచ్, మనిషి నడిచే వేగంలో పోయింది. పికప్ ఉన్న కారు కొన్నవాళ్లు చాలామంది స్పీడుగా నడిపితేనే క్లచ్ అరుగుతుందనుకుంటారు. క్లచ్ పూర్తిగా పట్టుకున్నాక మీరు 60లో వెళ్లినా 140లో వెళ్లినా దానికి ఒక్కటే. క్లచ్ ప్లేటు (గేర్ బాక్స్‌ని తిప్పేది), ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కలిసి ఒకే ముక్కలా తిరుగుతుంటాయి కాబట్టి రాపిడి ఉండదు. అరుగుదలంతా అవి రెండూ వేర్వేరు వేగాల్లో తిరిగే ఆ కొద్ది సెకన్లలోనే. అందుకే ఒకే మోడల్ కారుకి ఒకరి చేతిలో 20 వేల కిలోమీటర్లకే క్లచ్ పోతే, ఇంకొకరి చేతిలో లక్ష దాటి వస్తుంది. ఓడోమీటర్ చూసి క్లచ్ ఆయుష్షు చెప్పేవాళ్లని పెద్దగా నమ్మకండి.

మీ దగ్గర పాత ఆక్టేవియా ఆర్‌ఎస్, లారా ఆర్‌ఎస్, అబార్త్ పుంటో లాంటి టర్బో మాన్యువల్ ఉన్నా, ఎవరైనా చుట్టాల దగ్గర నిస్సాన్ 370జెడ్ లాంటి అసలు సిసలు స్పోర్ట్స్ కారు నడిపే అదృష్టం దొరికినా, కింద చెప్పేవన్నీ పనికొస్తాయి. ఆటోమేటిక్ వాళ్లు కూడా వెళ్లిపోకండి, మీ సంగతీ ఉంది.

ముందు వేడి లెక్క అర్థం చేసుకోండి

కారుని నిలబడ్డ చోటు నుంచి కదిలించిన ప్రతిసారీ ఇంజిన్ తిరుగుతూ ఉంటుంది, చక్రాలు ఆగి ఉంటాయి. ఆ తేడాని క్లచ్ జారుతూ సర్దుతుంది, జారినంతసేపూ వేడి పుడుతుంది. ఎంత వేడి? 1,500 కిలోల కారు, మొదటి గేర్‌లో ప్రతి 1,000 ఆర్‌పీఎంకి (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) గంటకి 8 కి.మీ. వెళ్తుందనుకోండి. చదును రోడ్డు మీద 1,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి మెల్లగా వదిలితే, కారు కదిలేసరికి క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 8 కిలోజౌళ్లు. అదే 3,000 దాకా రేస్ ఇచ్చి వదిలితే 33 కిలోజౌళ్లు. ఆర్‌పీఎం రెండింతలైతే వేడి నాలుగింతలు. 33 కిలోజౌళ్లంటే 100 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లని మరిగించేంత. అంటే మీరు గట్టిగా రేస్ ఇచ్చి లేపిన ప్రతిసారీ గేర్ బాక్స్ డబ్బాలో ఒక చాయ్‌కి నీళ్లు మరుగుతున్నట్టు లెక్క.

ఇంజిన్‌కి రేడియేటర్ ఉంది, బ్రేకులకి గాలి తగులుతుంది. మామూలు డ్రై క్లచ్‌కి (ఆయిల్‌లో మునగకుండా పొడిగా ఉండేది) రెండూ లేవు. మూసిన డబ్బాలో కూర్చుని, వచ్చిన వేడిని ఫ్లైవీల్‌కి ఇచ్చి, అది చల్లారే దాకా ఓపిక పట్టాలి. ఒక చాయ్ పెట్టాక పది నిమిషాలు ఆగితే ఏ బాధా లేదు. పది సెకన్లకొక చాయ్ పెడుతూ పోతే ప్లేటు మీద ఉన్న రాపిడి పొర 250–300 డిగ్రీలు దాటుతుంది, దాని పట్టు సడలుతుంది. పట్టు సడలితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది. మేడారం దారిలో నాకు జరిగింది అదే.

స్పోర్ట్స్ కార్లకి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. చాలావాటిలో మొదటి గేర్ పొడవుగా ఉంటుంది, అంటే అదే ఆర్‌పీఎంకి ఎక్కువ వేగం వెళ్తుంది, టైర్లు వెడల్పుగా ఉండి రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. చిన్న ఆల్టో మొదటి గేర్‌లో నడక వేగానికే క్లచ్ పూర్తిగా వదిలేయొచ్చు. పొడుగు గేర్ ఉన్న కారులో అదే వేగానికి ఇంజిన్ దడదడలాడి ఆగిపోతుంది, కాబట్టి మీ కాలు హాఫ్ క్లచ్ మీదే ఉండిపోతుంది. గుర్రాలెక్కువున్న కారే ట్రాఫిక్‌లో ముందు అలసిపోతుంది.

మీ క్లచ్ ఇప్పుడు ఎలా ఉందో పరీక్షించుకోండి

దీనికి మెకానిక్ అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, పక్క సీట్లో ఫోన్ పట్టుకునే మనిషి, ఖాళీ రోడ్డు చాలు. నేను ఆదివారం పొద్దున్నే స్టేషన్ ఘన్‌పూర్ దాటి జనగామ వైపు హైవే మీదకి వెళ్తాను.

ముందు ఇంజిన్‌ని బాగా వేడెక్కనివ్వండి, కనీసం ఇరవై నిమిషాల డ్రైవ్. చల్లటి క్లచ్ మంచివాడిలా నటిస్తుంది. తర్వాత నాలుగో గేర్‌లో గంటకి 60 దగ్గర నిలకడగా వెళ్తూ ఆర్‌పీఎం ఎంతుందో పక్కవాళ్లతో రాయించండి. నా కారుకి 2,000. క్లచ్ జారనంతవరకూ ఒక గేర్‌లో వేగానికీ ఆర్‌పీఎంకీ ఉన్న నిష్పత్తి మారదు. 60కి 2,000 అయితే 75కి 2,500, 90కి 3,000 ఉండాలి. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డ్‌కి అతికించండి.

ఇప్పుడు వెనకా ముందూ బండ్లు లేవని చూసుకుని, 60 నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి నొక్కండి. 90 దాకా వెళ్లి వదిలేయండి. పక్కవాళ్లు మీటర్లు రెండూ కనిపించేలా వీడియో తీస్తారు. మీరు రోడ్డే చూడండి. ఇంటికొచ్చి వీడియో ఆపి ఆపి చూస్తే 75 దగ్గర ముల్లు 2,500 మీదే ఉందా, ఎగిరి 3,000 వైపు పోయిందా తెలిసిపోతుంది. నేను జాతర నుంచి వచ్చిన వారానికి చేస్తే 70 దగ్గరే ముల్లు 3,400కి ఎగిరి, వేగం తర్వాత మెల్లగా దాని వెనక వచ్చింది. సందేహానికి తావే లేదు.

ఈ పరీక్ష ఒకటి, రెండో గేర్లలో చేయకండి. శక్తి ఉన్న కారులో అక్కడ టైర్లే తిరిగిపోతాయి, ఆర్‌పీఎం ఎగిరింది క్లచ్ వల్లో టైర్ వల్లో తెలీదు. పై గేర్‌లో, టర్బో పూర్తిగా ఊపందుకునే 2,000–3,500 మధ్యలోనే కొత్తగా మొదలైన జారుడు బయటపడుతుంది. ఒకట్రెండు సార్లు చాలు. పదిసార్లు చేస్తే పరీక్షే క్లచ్‌ని తినేస్తుంది. షెడ్డులో కొందరు హ్యాండ్ బ్రేక్ వేసి, నాలుగో గేర్ పెట్టి, క్లచ్ వదిలి ఇంజిన్ ఆగుతుందా లేదా అని చూస్తారు. పాత జీపులకి ఫరవాలేదేమో గానీ మీ కారుకి చేయనివ్వకండి. అప్పుడే మొదలైన జారుడుని అది పట్టుకోలేదు, పైగా ప్లేటు మాడుతుంది.

పెడల్ ఏం చెబుతోందో వినండి

జారడమొక్కటే గుర్తు కాదు. క్లచ్ పట్టుకునే చోటు రానురాను పైకి వస్తోందంటే, పెడల్ బరువెక్కుతోందంటే చాలా కార్లలో అది ప్లేటు పలచబడుతున్న గుర్తే. కానీ అరుగుదలని తనే సర్దుకునే క్లచ్‌లున్న కార్లలో ఈ తేడా కాలికి తెలీదు, చివరిదాకా బాగానే ఉన్నట్టు ఉండి ఒక్కసారి చేతులెత్తేస్తుంది. అందుకే పై పరీక్ష ఆర్నెల్లకొకసారి చేయండి.

కదిలేటప్పుడు కారంతా వణికితే ఫ్లైవీల్ మీద వేడి మచ్చలు పడ్డాయనో, ప్లేటు మీద ఆయిల్ చిమ్మిందనో అర్థం. న్యూట్రల్‌లో పెడల్ నొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే రిలీజ్ బేరింగ్ (పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే బేరింగ్). వదిలినప్పుడు గరగర, నొక్కితే మాయం అయితే గేర్ బాక్స్ లోపలి బేరింగ్ వైపు చూడాలి. ఇంజిన్ ఆపేటప్పుడు డబ్బాలో రాళ్లేసి ఊపినట్టు చప్పుడొస్తే డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులుండే రెండు ముక్కల ఫ్లైవీల్) అరిగింది.

గేర్లు గట్టిగా పడటం, రివర్స్ వేస్తే గర్రుమనడం మాత్రం వేరే కథ. అక్కడ క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ప్లేటు అరగడం వల్ల ఇలా జరగడం తక్కువ, ఎక్కువసార్లు హైడ్రాలిక్ లైన్‌లో గాలో, నల్లబడ్డ ఫ్లూయిడో, స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి అందించేది) లీకో ఉంటుంది. చాలా కార్లలో క్లచ్ కూడా బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా నుంచే తాగుతుంది. రెండేళ్లకొకసారి ఆ ఫ్లూయిడ్ మార్చి, బ్రేకులతో పాటు క్లచ్ లైన్ కూడా బ్లీడ్ చేయించండి, అంటే లోపలి గాలి తీయించండి. చాలా షెడ్డుల్లో బ్రేకుల దగ్గరే ఆపేస్తారు, గుర్తుచేయాలి. ఈ చిన్న పని చేయించకుండా గేర్ బాక్స్ దింపించుకున్న వాళ్లని ఇద్దర్ని చూశాను. 370జెడ్ లాంటి కార్లలో అయితే స్లేవ్ సిలిండర్ గేర్ బాక్స్ డబ్బా లోపలే ఉంటుంది. అది లీకైతే ఎలాగూ మొత్తం దింపాల్సిందే.

మన రోడ్ల మీద ఎలా నడపాలి

నాకు తెలిసి క్లచ్ ఆయుష్షులో సగం మన వరంగల్‌లో నాలుగైదు చోట్ల ఖర్చవుతుంది. కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు, హన్మకొండ చౌరస్తాలో సాయంత్రం పూట, పోచమ్మ మైదాన్ దగ్గర, ఇంకా శివనగర్ అండర్ బ్రిడ్జి నుంచి పైకొచ్చే ఎత్తు మీద. అన్నింటికంటే ఘోరమైనది మాత్రం మీ ఇంటి ముందే ఉంది, అది తర్వాత చెప్తాను.

కదిలించడం: పెడల్ మెల్లగా వదులుతూ కారు ముక్కు కొంచెం లేచినట్టు, ఇంజిన్ చప్పుడు కొంచెం బరువెక్కినట్టు తెలిసే చోటు ఒకటుంటుంది. అదే క్లచ్ పట్టే పాయింట్. టర్బో కార్లు చాలావాటికి అక్కడ యాక్సిలరేటర్ దాదాపు అక్కర్లేదు, చదును మీద వాటంతట అవే కదుల్తాయి. ఒక ఖాళీ గ్రౌండ్‌లో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఇరవైసార్లు కదిలించడం ప్రాక్టీస్ చేయండి. కాలికి ఆ పాయింట్ అలవాటైపోతే 1,200–1,500 దాటకుండా లేపడం వచ్చేస్తుంది. కదిలిన వెంటనే పెడల్ పూర్తిగా వదిలేయండి. సగం వదిలి అక్కడే కాలు ఆపే అలవాటు చాలామందికుంది, అదే చంపేది.

జామ్‌లో: ముందు బండి జరిగిన ప్రతిసారీ మీరూ జరగకండి. రెండు మూడు కార్ల ఖాళీ వచ్చేదాకా న్యూట్రల్‌లో, పెడల్ మీద నుంచి కాలు తీసి ఆగండి. తర్వాత క్లచ్ పూర్తిగా వదిలి మొదటి గేర్‌లో ఐడిల్ మీదే వెళ్లండి. ఆ ఖాళీలో ఆటో దూరుతుందని టెన్షన్ పడకండి, దూరుతుంది. దూరనివ్వండి. ఒక ఆటో దూరితే మీకు పోయేది ఐదు సెకన్లు. వెనకాల ఆర్టీసీ బస్సు హారన్ కొడుతూనే ఉంటుంది, దానికీ అలవాటు పడాలి.

సిగ్నల్ దగ్గర గేర్‌లో పెట్టి పెడల్ నొక్కి ఉంచితే ప్లేటు అరగదు గానీ రిలీజ్ బేరింగ్ మీద, స్ప్రింగ్ మీద అంతసేపూ బరువు. న్యూట్రల్ చేయండి. నడిపేటప్పుడు ఎడమ కాలికి పక్కన ఫుట్‌రెస్ట్ ఉంది, దాన్ని వాడండి. పెడల్ మీద కాలు ఊరికే ఆనించినా బేరింగ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంకొంచెం బరువైతే ప్లేటు మీద పట్టు కూడా తగ్గుతుంది.

ఎత్తు మీద: బ్రిడ్జి మీద ఆగాల్సి వస్తే హాఫ్ క్లచ్‌తో కారుని నిలబెట్టే విద్య కొందరు గొప్పగా చూపిస్తారు. చూడటానికి బాగుంటుంది. లోపల మాత్రం మొత్తం కారు బరువుని ఆ ప్లేటు జారుతూ మోస్తోంది. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచండి, క్లచ్ పట్టుకోగానే వదలండి. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ లాంటి మలుపుల రోడ్డు మీద నడుస్తున్న కారుకి క్లచ్ బాధ పెద్దగా లేదు, లారీ వెనక ఇరుక్కుంటేనే. అప్పుడు రెండో గేర్‌లో హాఫ్ క్లచ్‌తో లాగకుండా మొదటి గేర్‌కి దిగండి, లేదంటే ఆగి దూరం ఇవ్వండి.

ఇక ఇంటి ముందు ర్యాంపు. రోడ్డు ఎత్తు పెరుగుతుందని మనవాళ్లు ఇంటి పునాది మూడడుగులు లేపి, గేటు దగ్గర గోడలా ర్యాంపు పోస్తారు. దాని మీదకి రోజూ సాయంత్రం రివర్స్‌లో ఎక్కించడం. రివర్స్ గేర్‌లో అంగుళం అంగుళం జరిపేటప్పుడు కాలు క్లచ్ మీంచి లేవదు, అంతా ఎక్కుడే, అద్దాల్లో పిల్లర్లు చూసుకుంటూ మూడుసార్లు ఆగి మళ్లీ లేపుతాం. ఆ ఒక్క నిమిషం హన్మకొండ నుంచి వరంగల్ దాకా మొత్తం ప్రయాణం కంటే ఎక్కువ అరగదీస్తుంది. ముందుకి ఎక్కించి, పొద్దున రివర్స్‌లో దిగండి. దిగేటప్పుడు బరువు మీకు సాయం చేస్తుంది, క్లచ్‌తో దాదాపు పనే ఉండదు. కుదిరితే మేస్త్రీని పిలిపించి ర్యాంపుని ఇంకో నాలుగడుగులు పొడిగించండి. సిమెంటు క్లచ్ కంటే చవక.

గట్టిగా తొక్కాలనిపిస్తే: అందుకే కదా ఆ కారు కొన్నాం. నిలబడ్డ చోటు నుంచి 4,000 రేస్ ఇచ్చి వదలడం మానేసి, మామూలుగా కదిలించి, క్లచ్ పూర్తిగా వదిలేసి, ఆ తర్వాత నేలకి తొక్కండి. పోయేది అర సెకను. పక్కనున్న బుల్లెట్ వాడికి ఆ తేడా తెలీదు, మీ క్లచ్‌కి తెలుస్తుంది. గేర్ తగ్గించేటప్పుడు యాక్సిలరేటర్‌ని చిన్నగా కొట్టి ఆర్‌పీఎం కలిపి వదిలితే ప్లేటుకీ గేర్లకీ ఇద్దరికీ మంచిది.

వాసన వచ్చేస్తే

కంగారుపడి ఇంజిన్ ఆపకండి. పక్కకి తీసి, న్యూట్రల్ చేసి, పెడల్ పూర్తిగా వదిలి, ఐడిల్‌లో ఉంచండి. ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి నొక్కి పట్టేది) తిరుగుతుంటే డబ్బాలో గాలి కదిలి వేడి త్వరగా పోతుంది. పావుగంటో ఇరవై నిమిషాలో ఆగండి. ముందు రోడ్డు ఖాళీగా ఉంటే ఆగే కంటే పై గేర్‌లో నిదానంగా పదిహేను నిమిషాలు నడపడం ఇంకా మేలు. ఒకసారి వాసన వచ్చినంత మాత్రాన క్లచ్ పోయినట్టు కాదు, కొత్త ప్లేటు అయితే తట్టుకుంటుంది. మర్నాడు పరీక్ష చేసి చూసుకోండి. ఆ రోజు నేను ఇవేవీ చేయలేదు, ఎలాగైనా గద్దెల దాకా చేరాలన్న పట్టుదలతో తోసుకుంటూ పోయాను.

ఆటోమేటిక్ వాళ్లకి

డీఎస్‌జీ, పీడీకే లాంటి డ్యుయల్ క్లచ్ కారుకి పెడల్ లేదు గానీ క్లచ్‌లు రెండున్నాయి. జామ్‌లో బ్రేక్‌ని సగం వదిలి మెల్లగా పాకిస్తుంటే లోపల కంప్యూటర్ మీ బదులు హాఫ్ క్లచ్ పట్టుకుని ఉంటుంది. బ్రేక్ పూర్తిగా తొక్కి ఉంచితే అది క్లచ్‌ని విడుస్తుంది. కాబట్టి సూత్రం అదే: పూర్తిగా ఆగండి, ఖాళీ రానిచ్చి పూర్తిగా వెళ్లండి, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారుని నిలబెట్టకండి. పోలో జీటీఐ లాంటి వాటిలో వచ్చిన ఏడు గేర్ల డ్రై రకం వేడికి త్వరగా లొంగుతుంది. ఆయిల్‌లో మునిగి ఉండే ఆరు గేర్ల రకం ఎక్కువ ఓర్చుకుంటుంది గానీ 60,000 కిలోమీటర్లకి ఆ ఆయిల్, ఫిల్టర్ మార్చడం ఎగ్గొట్టకూడదు.

పాత ఫెరారీల ఎఫ్1 గేర్ బాక్స్, లంబోర్గినీ గయార్డో ఈ-గేర్ ఇంకో జాతి. మామూలు మాన్యువల్ గేర్ బాక్స్‌కే హైడ్రాలిక్ చేతులు పెట్టినవి. వాటిని రివర్స్‌లో ర్యాంపు ఎక్కిస్తే డబ్బులు కాలిపోతున్న వాసన వస్తుంది. మంచి సంగతేమిటంటే డయాగ్నస్టిక్ కంప్యూటర్ పెడితే క్లచ్ ఎంత అరిగిందో అంకెల్లో చెబుతాయి. వరంగల్‌లో అలాంటి కారు కొనేవాళ్లు ఎంతమందో గానీ, కొంటే ఆ రీడింగ్ చూడకుండా బయానా ఇవ్వకండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు

"క్లచ్ కొత్తది వేయించాం సార్" అన్న మాటకి బిల్లు అడగండి. ఆ బిల్లులో ఏమేం పార్టులు మార్చారో చదవండి. ఒక్క ప్లేటే మార్చి ఉంటే సగం పనే అయింది. రీమ్యాప్ చేయించారా అని నేరుగా అడగండి. లారా ఆర్‌ఎస్ కంపెనీ నుంచి వచ్చేది 250 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (ఇంజిన్ తిప్పే బలం). దాన్ని సాఫ్ట్‌వేర్‌తో 320 దాటించేవాళ్లున్నారు. క్లచ్ మాత్రం 250కీ, ఇంకొంచెం అదనానికీ కొలిచి పెట్టింది. కొత్తలో మోస్తుంది, కొంత అరిగాక పై గేర్లలో జారడం మొదలుపెడుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో చౌరస్తా దాకా వెళ్లి తిప్పుకొస్తే ఇవేవీ తెలీవు. నాలుగో గేర్ పరీక్షకి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేనైతే ఆగను.

మార్చాల్సి వస్తే

గేర్ బాక్స్ దింపే కూలీయే పెద్ద ఖర్చు. ఒకసారి దింపాక ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ మార్చండి. స్లేవ్ సిలిండర్ లోపలే ఉండే రకమైతే అది కూడా. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ చెమ్మగా ఉంటే అప్పుడే వేయించేయండి, లేకపోతే కొత్త ప్లేటు మీద ఆయిల్ కారుతుంది. ట్రాక్టర్లకి, లారీలకి వేసినట్టు పాత ప్లేటుకే కొత్త లైనింగ్ రివెట్ చేయించి ఇస్తాం, సగం ధరకి అవుతుంది అంటారు. ట్రాక్టర్‌కి అది చక్కగా పనిచేస్తుంది. 6,000 ఆర్‌పీఎం తిరిగే ఇంజిన్‌కి వద్దు.

నా పాత ప్లేటు బయటికి తీశాక ఆటోనగర్‌లో మా మెకానిక్ దాన్ని చేతిలో తిప్పి చూసి, "నడిపినట్టు లేదన్నా, పెనం మీద ఏపినట్టుంది" అన్నాడు. ఫ్లైవీల్ మీద నెమలికంఠం రంగులో గుండ్రటి మచ్చలు, వాటి మీద వెంట్రుకంత పగుళ్లు. ప్లేటు అంచున రాపిడి పొర గాజులా నున్నగా మెరుస్తోంది. డబ్బా నిండా నల్లటి పొడి, ముట్టుకుంటే వేలికి కాటుకలా అంటింది. (ఆ పొడిని గాలి గొట్టంతో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి. ఊపిరితిత్తులకి మంచిది కాదు.) రివెట్ తలల మీద ఇంకా ఎంత పొర మిగిలిందో వెర్నియర్‌తో కొలిచాం. చాలా వర్క్‌షాప్ మాన్యువల్స్ 0.3 మిల్లీమీటర్ కంటే తగ్గితే పారేయమంటాయి. నాదానికి ఒకవైపు అంత కూడా లేదు.

ఫ్లైవీల్ ఒకే ముక్క రకమైతే లేత్ మీద పలచగా పట్టించి మళ్లీ వాడుకోవచ్చు. డ్యుయల్ మాస్ అయితే మచ్చలు తక్కువున్నా చేత్తో అటూ ఇటూ తిప్పి ఆట ఎంతుందో, ఊగుతోందో లేదో చూడాలి. తేడా ఉంటే కొత్తదే. బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండి మూడు సంగతులు చూసుకోండి: ప్లేటుని సెంటర్ చేసే పనిముట్టు వాడుతున్నారా, ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా టార్క్ రెంచ్‌తో బిగిస్తున్నారా, గేర్ బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువు షాఫ్ట్ మీద వేలాడకుండా జాకీ మీద ఉందా. మూడోది తప్పితే కొత్త ప్లేటు వంగి, మొదటి రోజు నుంచే వణుకు మొదలవుతుంది. కొత్త ప్లేటు మీద గ్రీజు వేళ్లతో చేతులు పెట్టనివ్వకండి.

ఏ రకం ప్లేటు? కారు రీమ్యాప్ లేకుండా ఉంటే కంపెనీ ఇచ్చిన మామూలు ఆర్గానిక్ ప్లేటే (నారలూ రెసినూ కలిపి చేసిన పొర ఉన్నది) వేయండి. రేసింగ్ కోసం వచ్చే సిరామిక్ ముక్కల ప్లేట్లు వేడిని బాగా తట్టుకుంటాయి గానీ పట్టుకుంటే ఒక్క దెబ్బకి పట్టుకుంటాయి, లేకపోతే లేదు. హన్మకొండ చౌరస్తాలో వాటితో నడపడం అంటే ప్రతి కదలికకీ కుదుపే, ఇంట్లోవాళ్లు కారెక్కరు. టార్క్ పెంచిన కారుకి మధ్యస్తంగా, ప్రెజర్ ప్లేటు గట్టిదనం పెరిగి ప్లేటు ఆర్గానిక్‌గానే ఉండే కిట్ చూడండి. ఎడమ కాలికి కొంచెం వ్యాయామం, అంతే.

కొత్త క్లచ్ వేశాక మొదటి 500–800 కిలోమీటర్లు ఫుల్ త్రాటిల్ వద్దు. అవి కూడా హైవే కిలోమీటర్లు కాకూడదు, ఎందుకంటే హైవే మీద క్లచ్ పని చేయదు, కుదురుకోదు. ఊళ్లో మామూలు ట్రాఫిక్‌లో, గేర్లు మారుస్తూ, మెత్తగా నడపాలి. నేను మూడు వారాలు రోజూ సాయంత్రం అదాలత్ నుంచి కాజీపేట దాకా ఊరికే వెళ్లొచ్చాను. పెట్రోల్ దండగ అని ఇంట్లో గొడవ.

2026 జనవరి జాతరకి కారు ఇంట్లోనే పెట్టి హన్మకొండలో ఆర్టీసీ బస్సెక్కాం. ఈసారి మొక్కు మా అత్తమ్మది, బెల్లం 61 కిలోలు. బస్సు పస్రా దాటాక ఆగి, కదిలి, ఆగి, కదిలి వెళ్తుంటే డ్రైవర్ ఎడమ కాలునే చూస్తూ కూర్చున్నాను. పెడల్ మీద అది ఒక్కసారి కూడా ఊరికే ఆనలేదు.